తుర్రెబాజ్: ఎవరూ పెట్టుకోని పేరు

పోయిన నెల మా ఆపా ఫోన్ చేసింది. మనవడు పుట్టి అప్పటికి మూడు రోజులు. ముబారక్ చెబుదామని నోరు తెరిచేలోపే అందుకుంది. "నీ భాంజాకు నువ్వే నచ్చజెప్పాలి రా. బిడ్డకు తుర్రెబాజ్ అని పేరు పెడతానని కూర్చున్నాడు. తుర్రెబాజ్ అంట! అది పేరా, మజాకా? రేపు బడికి పోతే పిల్లలు బతకనిస్తారా? తుర్రంఖాన్, తుర్రంఖాన్ అని ఏడిపించరూ? దుల్హన్ వాళ్ళ అమ్మీ నిన్నటి నుంచి సరిగా అన్నం కూడా తినడంలేదు."

ఏడో రోజు అఖీఖా. అంటే నాలుగు రోజుల్లో తేల్చాలి. ఖాందాన్‌లో రాసుకుని బతికేవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి పేర్లు, పెళ్ళి రుఖాలు, మరణవార్తలు అన్నీ నా దగ్గరికే వస్తాయి. సరే, చూస్తానన్నాను. చూసిన కొద్దీ ఆపా పక్షాన మాట్లాడటం నాకు కష్టమైపోయింది. ఎందుకో చెబుతాను.

ముందు మాట సంగతి. తుర్రా అరబీ నుంచి ఫార్సీలోకి, అక్కణ్ణుంచి ఉర్దూలోకి వచ్చిన లఫ్జ్. అరబీలో నుదుటి మీద పడే ముంగురులు. ఫార్సీ షాయర్ల చేతిలో అది మాషూఖ్ జుల్ఫ్ అయింది. ఉర్దూకి వచ్చేసరికి తల మీది నుంచి తలపాగా మీదికి ఎక్కింది. పగిడీ మీద నిలబెట్టే కుచ్చు, ఈక, పూల గుత్తి, జరీ అంచు, అన్నీ తుర్రాయే. వాఘా సరిహద్దులో సిపాహీల తలపాగా మీద విసనకర్రలా విచ్చుకుని నిలబడేది చూశారు కదా, అది తుర్రా. "ఉస్ పర్ తుర్రా యే కే" అని ఉర్దూలో ఒక ముహావరా ఉంది. చేసింది చాలక పైగా ఇదొకటి అన్నప్పుడు వాడతాం. ఉన్నదాని మీద ఇంకోటి నిలబెట్టడమే అక్కడా అర్థం. రాజస్థాన్‌లో తుర్రా కలంగీ అని ఒక జానపద ఆట ఉంది. దాన్ని తుకన్‌గిర్ అనే గోసాయీ, షా అలీ అనే ఫకీర్ మొదలుపెట్టారని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. ఒకరి పక్షానికి తుర్రా గుర్తు, రెండోవారి పక్షానికి కలంగీ గుర్తు.

ఇక తెలుగు. ఇది రాస్తూ ఉండగా నాకే నవ్వొచ్చింది. పాతికేళ్ళ క్రితం తెలుగు డిగ్రీ చదివినప్పుడు "కలికితురాయి" అన్న మాట ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. పత్రికలో చేరాక సన్మాన వార్తల్లో ఎవరో ఒకరిని జిల్లా కిరీటంలో కలికితురాయిని చేయని వారం ఉండేది కాదు. ఆ తురాయి ఈ తుర్రాయే. కలికి అన్నది కల్గీ. రెండూ మన ఇళ్ళలోంచి వెళ్ళి తెలుగు పద్యాల్లోనూ వార్తల్లోనూ స్థిరపడిన మాటలు. వేసవిలో ఎర్రగా విరగబూసే గుల్‌మొహర్‌ని తెలుగువాళ్ళు తురాయి చెట్టు అంటారు. చెట్టు తల మీద ఎర్ర కుచ్చు పెట్టుకున్నట్టుంటుంది కదా, అందుకని. అంటే మా భాంజా తన కొడుక్కి పెట్టదలచిన పేరులో సగం తెలుగువాళ్ళ ప్రతి వీధిలోనూ పూస్తోంది. ఆ సంగతి ఎవరికీ తట్టదు, అంతే.

రెండో సగం బాజ్. ఆపాకు దీని మీదే ఎక్కువ కోపం. దగాబాజ్, ధోకేబాజ్, నషేబాజ్, బాజ్‌తో ముగిసేవన్నీ అలాంటివేగా అంది. జాన్‌బాజ్ కూడా ఉందిగా అన్నాను. ప్రాణాన్ని పణంగా పెట్టేవాడు. ఈ బాజ్ ఫార్సీలో ఆడటం అన్న మాట నుంచి వచ్చింది. దేనితో ఆడేవాడైతే, దేన్ని చేతబట్టి తిరిగేవాడైతే వాడు ఆ బాజ్. పతంగ్‌బాజ్, కబూతర్‌బాజ్ ఇలా పుట్టినవే. షహబాజ్‌లో ఉన్న బాజ్ వేరు, అది డేగ. షహబాజ్ పేరు మన ఇళ్ళలో కావలసినంత మందికి ఉంది, దానిలో ఎవరికీ దగా వినపడదు. తుర్రెబాజ్ అంటే తుర్రా పెట్టుకుని తిరిగేవాడు. తల ఎత్తుకుని నడిచే బాంకా జవాన్ అనుకోండి.

ఇందులో నాకు నచ్చిన చిన్న విషయం ఒకటుంది. శుద్ధ ఫార్సీ అయితే తుర్రాబాజ్ అనాలి. తుర్రె అని ఎకారం రావడం ఉర్దూ లక్షణం. ధోకా ధోకేబాజ్ అయినట్టు, నఖ్రా నఖ్రేబాజ్ అయినట్టు, తుర్రా తుర్రెబాజ్ అయింది. అంటే ఈ పేరు ఈరాన్ నుంచి తయారై దిగింది కాదు. ముడిసరుకు అక్కడిది, కుట్టింది ఇక్కడ.

పఠాన్లలో తూరాబాజ్ అన్న పేరు ఇప్పటికీ వినిపిస్తుంది. పష్తోలో తూరా అంటే కత్తి. అప్పుడు దాని మతలబ్ కత్తి తిప్పేవాడు. హైదరాబాద్‌కు ఆ రోజుల్లో సిపాహీలుగా వచ్చిన రొహిల్లాలు పఠాన్ మూలం వాళ్ళే. వాళ్ళ నోట ఉన్న తూరా, ఉర్దూ చెవిలో తుర్రా అయిందా అని నాకొక అనుమానం. కానీ ఉర్దూ రాతల్లో తోయె హరఫ్‌తో తుర్రా అనే రాస్తారు. కత్తయినా తురాయి అయినా బిడ్డకు పెట్టకూడనంత చెడ్డ అర్థమైతే లేదు.

మరి ఎవరూ ఎందుకు పెట్టుకోరు? ఇరవై ఏళ్ళకు పైగా ఊళ్ళు తిరిగాను. మదర్సాల హాజరీ పట్టీలు, ఓటరు జాబితాలు, పెళ్ళి రుఖాలు, ఖబరస్తాన్ రాళ్ళు చదివాను. తుర్రెబాజ్ అన్న మనిషి నాకు ఒక్కడూ తగల్లేదు. చరిత్రలో ఉన్న ఆ ఒక్కడు తప్ప.

మా ఉర్దూ మీడియం బడిలో 1857 అంటే దిల్లీ, మీరట్, కాన్పూర్, ఝాన్సీ. బహదూర్ షా జఫర్ పేరు చెప్పేటప్పుడు మా ఉస్తాద్ గొంతు గద్గదమయ్యేది. కోఠీ మాట ఆ పాఠంలో లేదు. సిటీ బస్సులో వారానికి రెండుసార్లు మేం దాటిపోయే కోఠీలో కూడా ఆ ఏడాది తుపాకులు పేలాయని నాకు ఉద్యోగంలో చేరాక తెలిసింది. బస్టాండు దగ్గరి స్మారకం కింద నీడకు నిలబడ్డ రోజున.

జరిగింది ఇది. 1857 మేలో నిజాం నాసిరుద్దౌలా ఇంతెఖాల్ అయ్యాడు. కొడుకు అఫ్జలుద్దౌలా గద్దెనెక్కాడు. దివాన్ సాలార్‌జంగ్, అప్పటికి ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు. ఔరంగాబాద్ వైపు హైదరాబాద్ కంటింజెంట్ రిసాలాలో అలజడి లేచింది. జమేదార్ చీదా ఖాన్ అనే ఆయన కొద్దిమంది సవార్లతో తిరగబడి హైదరాబాద్ చేరుకున్నాడు, ఇక్కడ ఆసరా దొరుకుతుందని. సాలార్‌జంగ్ వాళ్ళను పట్టించి రెసిడెన్సీలో అప్పజెప్పాడు. ఊరు భగ్గుమంది. మక్కా మసీదులో జనం గుమిగూడారు. 1857 జూలై 17, జుమా రోజు. సాయంత్రం మౌల్వీ అల్లావుద్దీన్, తుర్రెబాజ్ ఖాన్ ముందు నడవగా కొన్ని వందల మంది, ఎక్కువగా రొహిల్లాలు, మూసీ దాటి రెసిడెన్సీ మీదికి వెళ్ళారు.

రెసిడెన్సీ అంటే మీకు తెలిసినదే. కిర్క్‌పాట్రిక్ కట్టించిన పెద్ద స్తంభాల కోఠీ. తర్వాత మన ఆడపిల్లల కాలేజీ అయింది, ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరుతో మహిళా విశ్వవిద్యాలయం. మా ఆపా అక్కడే చదివింది! మూడేళ్ళు ఆ మెట్లెక్కి దిగిన మనిషి, ఆ పేరు విని మజాకా అంటోంది. తప్పు ఆమెది కాదనుకోండి.

వాళ్ళు వస్తున్నట్టు రెసిడెంట్ డేవిడ్‌సన్‌కు ముందే కబురందింది. పంపింది సాలార్‌జంగ్. లోపల ఫిరంగులు బారుతీరి ఉన్నాయి. బయటివాళ్ళ దగ్గర తుపాకులు, కత్తులు. పుత్లీబౌలీ వైపు అబ్బన్ సాహెబ్, జైగోపాల్ దాస్ అనే ఇద్దరి ఇళ్ళలో చేరి అక్కణ్ణుంచి రాత్రంతా కాల్పులు జరిపారు. ఫిరంగుల ముందు అది ఎంతసేపు నిలుస్తుంది? తెల్లారేసరికి చెల్లాచెదరైపోయారు. ఒక్క రాత్రి. దక్కన్ నగరంలో 1857 అంటే ఆ ఒక్క రాత్రే.

తుర్రెబాజ్ ఖాన్ దొరికాడు. విచారణ జరిపి కాలాపానీ రాశారు. అండమాన్‌కు పంపేలోపే 1859 జనవరి 18న జైలు నుంచి తప్పించుకున్నాడు. పట్టిస్తే 5000 రూపాయల ఇనామ్ ప్రకటించారు. ఆ రోజుల్లో 5000 అంటే ఎంతో ఆలోచించండి. ఆరు రోజులు. జనవరి 24న తూప్రాన్ దగ్గర ఖుర్బాన్ అలీ బేగ్ అనే తాలూఖ్‌దార్ చేతిలో చనిపోయాడు. శవాన్ని నగరానికి తెచ్చి అందరూ చూసేటట్టు వేలాడదీశారు. మౌల్వీ అల్లావుద్దీన్‌ను అదే ఏడాది అండమాన్ పంపారు. ఆయన మళ్ళీ తిరిగిరాలేదు, అక్కడే వఫాత్ అయ్యాడు. ఇద్దరిలో ఆయన కథే నన్ను ఎక్కువ బాధిస్తుంది. ఒకడు ఆరు రోజుల్లో పోయాడు, ఇంకొకాయన సముద్రం మధ్య ఏళ్ళ తరబడి ఎదురుచూశాడు. కానీ ఇప్పుడు పేరు మాట కదా, అటు పోను.

ఇక్కడ టిప్పూ గుర్తొస్తాడు. టిప్పూ కూడా అప్పటికి ఎవరూ పెట్టుకోని పేరే. ఆర్కాట్‌లోని టిప్పూ మస్తాన్ ఔలియా మీద అఖీదత్‌తో హైదర్ అలీ దంపతులు కొడుక్కి ఆ పేరు పెట్టారు. 1799లో శ్రీరంగపట్నంలో ఆయన షహీదయ్యాక ఆ పేరు దక్కన్‌లో పాకిపోయింది. కర్నూలు, కడప వైపు వెళ్ళండి, ప్రతి మొహల్లాలో ఒక టిప్పూ దొరుకుతాడు. ఓడిపోయిన సుల్తాన్ పేరు బతికింది. ఓడిపోయిన జమేదార్ పేరు బతకలేదు.

దీనికి నాకు తోచే కారణం ఒకటే. టిప్పూని చంపింది పరాయివాళ్ళు. తుర్రెబాజ్‌ను పట్టించింది, చంపింది మన సర్కారు మనుషులు. ఆ సర్కారు ఆ తర్వాత 1948 వరకూ మన తలల మీదే ఉంది. సాలార్‌జంగ్ 1883లో చనిపోయే వరకూ దివాన్‌గానే ఉన్నాడు. 1857లో నిలబెట్టినందుకు అంగ్రేజులు 1860లో నిజాంకు రాయచూర్ దోఆబ్, ధారాశివ్ తిరిగి ఇచ్చారు, 50 లక్షల అప్పు మాఫీ చేశారు. ఇక ఆ నగరంలో, ఆ దర్బార్ జీతం తిని బతికే ఇళ్ళలో, బిడ్డకు తుర్రెబాజ్ అని ఏ తండ్రి పెడతాడు? పెట్టి ఏ హాకిం ముందు నిలబెడతాడు? నేను సాలార్‌జంగ్‌ను గద్దార్ అనను. ఊరు దిల్లీలా కూలకుండా కాపాడాడు అనేవాళ్ళ మాటలోనూ బరువుంది. దిల్లీలో ఏం జరిగిందో మనకు తెలుసు. కానీ ఆ లెక్క ఖరీదు ఎవరి పేరు మీద పడిందో కూడా చూడాలి కదా. ఒకరి పేరు మ్యూజియం మీద ఉంది. ఇంకొకరి పేరు తిట్టు అయింది.

అవును, తిట్టు. "అప్నే కో క్యా తుర్రంఖాన్ సమఝ్రా రే?" పాతబస్తీలో పెరిగినవాడు ఈ మాట తినకుండా పెద్దవాడు కాడు. తెలంగాణ పల్లెల్లో ముస్లిం ఇల్లు ఒక్కటి లేని ఊళ్ళో కూడా "నువ్వేమన్న తురుంఖాన్‌వా?" అంటారు. గొప్పలు పోయేవాడు, లేని బలం చూపించేవాడు అని అర్థం. హిందీలోనూ ఉంది. హర్యానా డ్రిల్లు మాస్టారి మీద తీసిన హిందీ సినిమా ఒకదానికి ముందు తుర్రం ఖాన్ అనే పేరు పెట్టి, 2020లో ఛలాంగ్‌గా విడుదల చేశారు. 2023లో తెలుగులో తురుమ్ ఖాన్‌లు అనే సినిమానే వచ్చింది.

ఈ తుర్రంఖాన్ మన తుర్రెబాజ్ ఖానేనని హైదరాబాదీలు గట్టిగా నమ్ముతారు. ఫిరంగుల మీదికి కత్తి పట్టుకుని వెళ్ళిన మనిషి కదా, మొదట్లో అది మెచ్చుకోలుగానే పుట్టి ఉంటుందని, "నువ్వేమైనా అంతటివాడివా" అని అడగడంలోంచి క్రమంగా వెక్కిరింత అయిందని వాళ్ళ వాదన. లుగత్‌లు చూస్తే తుర్రం అంటే బూరా అన్న అర్థం కనపడుతుంది. బూరా ఊదుకునేవాడు అని కూడా లెక్క కుదురుతుంది. హర్యానాలో ఆ మాట అనేవాడికి కోఠీ ఎక్కడుందో తెలియదు కూడా. కాబట్టి పత్రికా మనిషిగా నేను ప్రమాణం చేయను. కానీ మన నగరంలో ఆ రెండు పేర్లూ ఒకటైపోయాయన్నది మాత్రం కళ్ళ ముందున్నదే. మా ఆపా భయమే దానికి గవాహీ. తుర్రెబాజ్ అన్న చెవికి తుర్రంఖాన్ వినపడింది ఆమెకు.

తెలుగు కూడా ఇందులో తన చెయ్యి వేసింది. తుర్రుమన్నాడు అంటే పారిపోయాడని కదా. మా భాంజా ఆఫీసులో ఎవరో అప్పుడే అన్నారట, "జైల్లోంచి తుర్రుమన్నాడు కాబట్టి తుర్రెబాజా?" అని. మా భాంజా నవ్వలేదట. నేను మాత్రం నవ్వాను, అబద్ధమెందుకు.

ఐదో రోజు సాయంత్రం ఆపా ఇంటికి వెళ్ళాను. మా మొహల్లా హాఫిజ్ సాబ్‌నూ తీసుకెళ్ళాను. దుల్హన్ వాళ్ళ అమ్మీ పరదా అవతల నుంచి నేరుగా అడిగింది. "హజ్రత్, షరీఅత్‌లో ఇలాంటి పేరు చెల్లుతుందా?" హాఫిజ్ సాబ్ నిదానంగా చెప్పారు. చెడ్డ అర్థమున్న పేర్లను ప్రవక్త, సల్లల్లాహు అలైహి వసల్లం, మార్చేవారు. ఐన్‌తో రాసే ఆసియా, అంటే నాఫర్మాన్ అనే పేరున్న ఒక అమ్మాయిని జమీలా అన్నారు. హజ్న్, అంటే గరుకు నేల అనే పేరున్న ఒకాయనకు సహ్ల్ అని మార్చుకోమని చెప్పారు. ఆయన తండ్రి పెట్టిన పేరు మార్చుకోనన్నాడు. ఆ గరుకుతనం మా ఇంట్లో తరతరాలు ఉండిపోయిందని ఆయన మనవడు సయీద్ బిన్ ముసయ్యిబ్ చెప్పుకునేవారు. "కాబట్టి పేరు ఖాళీ మాట కాదు బేటీ. అర్థం చూడాలి. తుర్రా పెట్టుకున్నవాడు అంటే అందులో షిర్క్ లేదు, చెడు లేదు. తకబ్బుర్ వాసన ఉందంటారా, అది మనిషి నడకను బట్టి ఉంటుంది."

"మరి జనం నవ్వరా?" ఆపా అంది.

దానికి ఆయన సూరహ్ హుజురాత్ గుర్తుచేశారు. ఒక ఖౌమ్ ఇంకో ఖౌమ్‌ను వెక్కిరించొద్దని, చెడ్డ లఖబ్‌లు పెట్టి పిలుచుకోవద్దని 11వ ఆయత్‌లో ఉంది. "నవ్వేవాడి గుణా బిడ్డ పేరు మీద ఎందుకు రాస్తారు?" అన్నారు. తర్వాత తనే ఒప్పుకున్నారు. "కానీ నేను రోజూ పిల్లలతోనే ఉంటాను. పిల్లలు ఆయత్ విని ఆగరు. అది కూడా ఆలోచించండి." ఈ నిజాయితీ కోసమే నేను ఆయన్ను పిలిచింది.

భాంజా అప్పటిదాకా మాట్లాడలేదు. వాడు కోఠీ దగ్గరే పనిచేస్తాడు, రోజూ తుర్రెబాజ్ ఖాన్ రోడ్ మీదుగా వెళ్తాడు. "మామూ, ఆ బోర్డు చూసి ఒకతను ఫోన్లో అడ్రస్ చెబుతూ నవ్వుతున్నాడు. ఆ నవ్వినోడు మనవాడే. నాకు సిగ్గేసింది. మా బడిలో ఆయన గురించి చెప్పలేదు, మీరు కూడా ఎప్పుడూ చెప్పలేదు," అన్నాడు. ఆ చివరి మాటకు నా దగ్గర జవాబు లేదు. ఇరవై ఏళ్ళలో ఆయన మీద ఎన్ని రాశానని గుర్తుచేసుకున్నాను. జూలై 17న ఒకటి రెండుసార్లు, లోపలి పేజీలో, మూడు కాలాలు.

అప్పుడు నేను పైన రాసిందంతా వాళ్ళకు చెప్పాను. ఆ రాత్రి, ఫిరంగులు, ఆరు రోజులు, తూప్రాన్, వేలాడదీయడం. ఆపా వింటూ బిడ్డను ఒళ్ళోకి తీసుకుంది. అంతా అయ్యాక, "ఆయనకు అమ్మ ఉండిందా అప్పటికి?" అంది. ఎవరూ మాట్లాడలేదు.

ఏడో రోజు రెండు పొటేళ్ళు కోశారు. పేరు విషయంలో ఖాందాన్‌లన్నీ చేసేదే మేమూ చేశాం, రెండువైపులా సగం సగం. ఫారంలో మొహమ్మద్ సాద్ తుర్రెబాజ్ అని రాశాం. సాద్ దుల్హన్ వాళ్ళ అమ్మీ ఎంచుకుంది. తుర్రెబాజ్ చివర ఉంది, తోయె హరఫ్‌తో. ఉర్దూలో నేనే రాసిచ్చాను.

బిడ్డ తల గొరగడానికి హజ్జామ్ వచ్చాడు. నుదుటి మీద ఒత్తుగా ఉన్న ముంగురులు ముందు తీశాడు. ఆపా వాటిని తెల్లగుడ్డలో పట్టుకుంది, తూచి అంత వెండి సదఖా ఇవ్వాలి కదా. అరబీలో తుర్రా అంటే ఏంటో రెండు రోజుల కిందటే విన్నది కాబట్టి, "హాయ్, మా తుర్రెబాజ్ తుర్రా పోయింది," అని నవ్వింది. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తున్నాడు. దుల్హన్ వాళ్ళ అమ్మీ లోపలి నుంచి "సాద్‌ను ఇటు తెండి" అని కేకేసింది.